స్వేచ్ఛ పడమటి సరుకేనా? ‘జీతం’ అన్న మాట దగ్గర మొదలుపెట్టి ఒక జవాబు

మహబూబ్‌నగర్‌లో పీజీ చదువుతున్న ఒక విద్యార్థి తన ప్రాజెక్టు కోసం అడిగిన ప్రశ్న ఇది: “రాజకీయ స్వేచ్ఛ, వ్యక్తి స్వేచ్ఛ అనేవి యూరప్‌లో పుట్టి ఇంగ్లిషు చదువుతో మనదాకా వచ్చిన ఆలోచనలేనా? అంతకుముందు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అలాంటి ఆలోచన ఉండేదా? ఉంటే ఎక్కడ వెతకాలి, ఎట్లా రాయాలి?”

ముందే చెప్పేస్తాను. ఇప్పుడు మనం వాడే అర్థం బయటి నుంచి వచ్చింది. ఆలోచన మాత్రం ఇక్కడిదే. ఈ రెంటినీ విడదీయకపోతే ప్రాజెక్టు మొదటి పేజీలోనే తప్పుదారి పడుతుంది.

చాలామంది నిఘంటువు తెరిచి ‘స్వేచ్ఛ’ దగ్గర మొదలుపెడతారు. స్వేచ్ఛ అంటే స్వ, ఇచ్ఛ: తన ఇష్టం. పాత వాడుకలో ఇది అంత గౌరవమైన మాటేం కాదు. ‘స్వేచ్ఛాచారం’ అంటే ఇప్పటికీ తిట్టే. ‘స్వతంత్రం’ ఇంకా పాతది. పాణిని వ్యాకరణంలో “స్వతంత్రః కర్తా” అని సూత్రం ఉంది. క్రియలో ఎవరి చేతిలో పని ఉందో వాడు కర్త అని దానర్థం, రాజ్యంతో సంబంధం లేదు. అదే మాట మనుస్మృతిలో “న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి” అని ఆడవాళ్లకు కాదనడానికి పనికొచ్చింది. కాదన్నారంటే అడిగేవాళ్లున్నారని, కనీసం అడుగుతారన్న భయమైనా ఉందని అర్థం. ఇలాంటి నిషేధ వాక్యాలను మీ ప్రాజెక్టులో సాక్ష్యంగా వాడుకోండి, బాగా పనికొస్తాయి.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. జపాన్‌లో లిబర్టీకి ‘జియూ’ అన్న మాట స్థిరపడింది 19వ శతాబ్దం రెండో సగంలో. అంతకుముందు ఆ మాటకు మన ‘విచ్చలవిడి’కి దగ్గరైన వాసన ఉండేది. చైనాలో యెన్ ఫూ 1903లో ఇంగ్లిషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ స్వేచ్ఛా గ్రంథాన్ని అనువదించినప్పుడు, సమూహానికీ వ్యక్తికీ మధ్య హద్దుల గురించి అన్నట్టుగా పేరు మార్చాడు. ఈజిప్టు నుంచి 1826లో పారిస్ వెళ్లి 1831 దాకా ఉన్న రిఫా అల్ తహ్తావీ, ఫ్రెంచివాళ్లు స్వేచ్ఛ అనేదాన్నే మనం న్యాయం, ఇన్సాఫ్ అంటామని రాశాడు. ఈ చివరిది మనకు బాగా దగ్గర. నిజాం రాజ్యంలో రైతు స్వేచ్ఛ కావాలని అర్జీ పెట్టుకోలేదు, ఇన్సాఫ్ కావాలన్నాడు. అర్జీలో ‘స్వేచ్ఛ’ కనబడలేదు కాబట్టి ఆ ఆలోచన లేదని రాసేస్తే అది మన చదువులో లోపం, ఆ రైతులో లోపం కాదు.

అందుకని మాటను పక్కనపెట్టి ముడిని వెతకాలి. ఎవరు ఎవర్ని కట్టేయగలిగారు? దేనితో? ఆ కట్టు తెగితే దాన్ని ఏమన్నారు? ఏ సంస్కృతిలోనైనా స్వేచ్ఛ అన్న భావన ఈ మూడో ప్రశ్నకు జవాబుగానే పుట్టింది.

మన ముడి ‘జీతం’. ఆఫీసులో పనిచేసేవాళ్లకు జీతం అంటే నెల తిరిగితే చేతికొచ్చే డబ్బు. నల్లగొండ పల్లెలో పెద్దవాళ్లను “మీ నాయన ఏం చేసేటోడు” అని అడిగితే “జీతమున్నడు” అంటారు. ఇక్కడ జీతం అనేది డబ్బు కాదు, ఒక స్థితి. దొర దగ్గరో పెద్ద రైతు దగ్గరో పెళ్లికో చావుకో కరువుకో అప్పు తెచ్చుకుని, ఆ అప్పు కింద తన ఒంటిని అప్పజెప్పడం. సర్కారీ కాగితాల్లో దాని పేరు భగేలా. తండ్రి తీర్చలేకపోతే కొడుకు ఆ ఇంటి పశువుల వెంట పోవాల్సిందే. పలకరింపులో కూడా అదే ఉంది: “బాంచెన్, కాల్మొక్త.” బాంచ అంటే దాసి, బానిస. నోరు తెరిస్తే మొదట వచ్చే మాటే తాను బానిసనని ఒప్పుకోవడం. సంఘం (ఆంధ్ర మహాసభ) వచ్చాక ఊళ్లలో తెగిన మొదటి ముళ్లలో ఈ పలకరింపు ఒకటి. దాన్ని చిన్న విషయంగా దాటెయ్యకండి.

ఇప్పుడు ఇదే ముడి మిగతా లోకంలో ఎక్కడెక్కడ ఉందో చూడండి. స్వేచ్ఛ అని అర్థం చెప్పే మాటల్లో మనకు దొరికిన అత్యంత పాతది సుమేరియన్ల ‘అమర్గి’. క్రీ.పూ. 2400 ప్రాంతంలో లగాష్ పాలకుడి శాసనంలో కనబడుతుంది. అక్షరాలా దాని అర్థం ‘తల్లి దగ్గరికి తిరిగి పోవడం’. అప్పు కింద పోయిన పిల్లలు, అప్పు రద్దయ్యాక ఇంటికి రావడం అన్నమాట. ఏథెన్స్‌లో క్రీ.పూ. 594లో శాసనకర్త సోలోన్ చేసిన మొదటి పనుల్లో ఒకటి, మనిషి ఒంటిని తాకట్టుగా పెట్టుకుని అప్పు ఇవ్వకూడదని శాసించడం. దాన్ని గ్రీకులు ‘బరువు దులుపుకోవడం’ అన్నారు. రోమ్‌లో క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లో అప్పు కింద పౌరుడిని కట్టేసుకునే పద్ధతిని చట్టంతో ఆపారు. పడమటి రాజకీయ స్వేచ్ఛకు పునాది అని చెప్పుకునే రెండు నగరాల్లోనూ అడుగున ఉన్నది జీతగాడి అప్పే.

మన నేల మీదికి వస్తే, సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు ఉన్నాయి కదా. అక్కడ తిరిగిన భిక్షువుల ధర్మంలో ‘విముక్తి’ ఆధ్యాత్మికమే అని పైపైన అనుకుంటాం. కానీ పాళీ సూత్రాల్లో మనసు తేలికపడడాన్ని చెప్పడానికి వాడిన పోలికలు చూడండి: అప్పు తీరిన మనిషి, రోగం నయమైన మనిషి, జైలు నుంచి బయటపడ్డ మనిషి, దాస్యం నుంచి విడుదలైన మనిషి, ఎడారి దాటిన మనిషి. ఐదింటిలో మొదటిది అప్పు. పైగా వినయం అనే భిక్షు సంఘ నియమాల ప్రకారం అప్పున్నవాడికి, యజమాని నుంచి పారిపోయి వచ్చిన దాసుడికి సన్యాసం ఇవ్వకూడదు. లోపలి విముక్తికి బయలుదేరేవాడు ముందు బయటి ముడి విప్పుకు రావాలి. రాజకీయ స్వేచ్ఛ పడమరది, ఆధ్యాత్మిక స్వేచ్ఛ తూర్పుది అని పాఠ్యపుస్తకాలు గీసే గీత ఇక్కడే చెరిగిపోతుంది.

ముడి ఒకచోట తెగితే ఇంకోచోట బిగియడం కూడా చరిత్రలో మామూలే. సోలోన్ పౌరుడిని విడిపించాక ఏథెన్స్ బయటి నుంచి కొన్న బానిసల మీద ఆధారపడింది. ఫ్రాన్స్ 1789లో మనుషులంతా స్వేచ్ఛగా పుడతారని ప్రకటించింది, తర్వాత హైతీ అయిన తన చెరకు తోటల వలసలో బానిసల్ని అట్లాగే ఉంచింది. వాళ్లు 1791లో తిరగబడ్డాకనే 1794లో బానిసత్వం రద్దయింది, 1802లో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు, 1804లో హైతీ స్వతంత్ర దేశమైంది. తర్వాత 1825లో ఫ్రాన్స్ ఆ దేశాన్ని గుర్తించడానికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. స్వేచ్ఛ తెచ్చుకున్న దేశం మెడకే అప్పు చుట్టారు. జీతగాడి కథ దేశమంత సైజులో మళ్లీ జరిగింది.

మన సొంత చట్టంలో ఈ ముడి ఎట్లా కనబడుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మీ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి పత్రం దొరకదు. రాజ్యాంగం 23వ అధికరణ ఇంగ్లిషు పాఠంలోనే ‘బేగార్’ అని మన దేశపు మాట ఉంది. మన వెట్టి లాంటి చాకిరీకి అది పేరు. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976 ఫిబ్రవరిలో వచ్చింది, 1975 అక్టోబర్ 25 నుంచి అమల్లో ఉన్నట్టు లెక్క. దాని 2వ సెక్షన్‌లో ‘ఒప్పందం’ అంటే ఏమిటో చెబుతూ, కొన్ని రకాల చాకిరీల్లో కాగితం లేకపోయినా ఒప్పందం ఉన్నట్టే భావించాలని ఒక జాబితా ఇచ్చారు. అందులో భగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. పక్కపక్కన వేరే రాష్ట్రాల మాటలూ ఉన్నాయి. నిజాం సర్కారు 1943లోనే భగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చింది. 30 ఏళ్లు దాటాక కూడా పార్లమెంటు అదే మాటను జాబితాలో రాయాల్సి వచ్చిందంటే మొదటి నిబంధన ఎంతవరకు పనిచేసిందో మీకే తెలుస్తుంది.

అదే సెక్షన్ స్వేచ్ఛను నాలుగు ముక్కలుగా చెబుతుంది. కూలి లేకుండా లేదా నామమాత్రపు కూలికి పనిచేయడం. వేరే పనికి పోయే వీలు పోగొట్టుకోవడం. దేశంలో తనకు నచ్చినచోటికి తిరిగే వీలు పోగొట్టుకోవడం. తన సొత్తును, తన చేతి పంటను బజారు ధరకు అమ్ముకునే హక్కు పోగొట్టుకోవడం. అప్పు వల్లనో, ఆచారం వల్లనో, పుట్టిన కులం వల్లనో వీటిలో ఒక్కటి పోయినా అది వెట్టే. నామమాత్రపు కూలి అంటే కనీస వేతనం కంటే తక్కువ అని కూడా అక్కడే ఉంది. సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం 23వ అధికరణ కింద బలవంతపు చాకిరీయే అంది. ఆకలి కూడా బలవంతమేనని ఆ తీర్పు ఒప్పుకుంది. మిల్ చెప్పిన స్వేచ్ఛ ప్రధానంగా ‘నన్ను అడ్డుకోకు’ అనేది. ఇక్కడ ‘నేను కాదనగలిగేటట్టు ఉండాలె’ అనేది వచ్చి చేరింది. ఈ చేరిక మనవాళ్లు చేసింది.

నల్లగొండ ముడి, పాలమూరు ముడి ఒకటి కాదని కూడా రాయండి. నల్లగొండలో దేశ్‌ముఖ్ (నిజాం కాలపు పెద్ద భూస్వామి), గడీ (అతని కోటలాంటి ఇల్లు), భూమి, వెట్టి. అందుకే అక్కడ తిరుగుబాటు ఊళ్లోనే జరిగింది, గడీ మీదికి పోయింది. పాలమూరులో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ లాంటి సంస్థానాలు, వాటితోపాటు కరువు. జనం ఊరు విడిచారు. దేశమంతా డ్యాములు, కాలువలు తవ్విన ‘పాలమూరు లేబర్’ను కట్టేసింది భూమి కాదు, గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు. మనిషి వేల మైళ్లు తిరిగినా ముడి వెంటే తిరిగింది. తిరిగే స్వేచ్ఛ ఉంటే చాలనుకునే సిద్ధాంతాలకు పాలమూరే జవాబు.

ఆ ముడి ఇవాళ ఎవరి మెడలోనైనా కనబడితే విప్పే పద్ధతి ఇది. అర్జీ కలెక్టర్‌కు గానీ ఆర్డీవోకు గానీ ఇవ్వాలి. అందులో ఎవరు, ఎప్పుడు, ఎంత అడ్వాన్సు ఇచ్చారు, రోజుకు ఎన్ని గంటల పని, చేతికి ఎంత వచ్చింది, బయటికి పోతామంటే ఏమన్నారు అనే సంగతులు విడివిడిగా రాయాలి. నాలుగు ముక్కల్లో ఏది పోయిందో పేరు పెట్టి చెప్పాలి. విచారణలో వెట్టి అని తేలితే విడుదల పత్రం ఇవ్వాలి. 6వ సెక్షన్ ప్రకారం ఆ అప్పు అక్కడితో చెల్లిపోయినట్టే. 15వ సెక్షన్ ప్రకారం అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడు, కూలీ కాదు. 2016 కేంద్ర పథకం కింద పునరావాసానికి మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. తక్షణ సాయం మొదట 20 వేల దాకా ఉండేది, 2022 నుంచి 30 వేల దాకా చేశారు.

ఎక్కడ చెడుతుందంటే, ఎక్కువగా విడుదల పత్రం దగ్గరే. కూలీలను లారీ ఎక్కించి సొంతూరికి పంపేసి చేతులు దులుపుకుంటారు. పత్రం లేనిదే పైసా కదలదు, అప్పు చెల్లిందన్న రుజువూ ఉండదు, మేస్త్రీ మళ్లీ ఇంటికొస్తాడు. రెండోది, దీన్ని కూలి తగాదాగా మార్చి “హిసాబ్ చేసుకోండి” అనడం. హిసాబ్‌కు కూర్చున్నారంటే అప్పు ఉందని ఒప్పుకున్నట్టే. మూడోది, గొలుసులు ఉన్నాయా, గదిలో పెట్టి తాళం వేశారా అని అడగడం. చట్టం గొలుసు అడగలేదు. నాలుగోది, అప్పిచ్చినవాడి మీద కేసు తేలితే గానీ పునరావాసం డబ్బు పూర్తిగా రాకపోవడం. అందుకని తక్షణ సాయం, పత్రం ఈ రెండింటినీ మొదటి రోజే పట్టుబట్టి అడగాలి.

ఇక రాజకీయ స్వేచ్ఛ సంగతి మీకు పుస్తకాల్లో బాగానే దొరుకుతుంది కాబట్టి తొందరగా చెబుతాను. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే ముందస్తు అనుమతి కావాలనే సర్కారీ ఉత్తర్వు గస్తీ నిషాన్ 53, పాలమూరువాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక, 1930లో ఆయన అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ, 1938లో వందేమాతరం పాడి బహిష్కరణకు గురైన ఉస్మానియా విద్యార్థులు, 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణం, 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాట విరమణ, 1952లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గెలుపు. ఈ వరుసలో గమనించాల్సింది ఒకటే. సభ, పత్రిక, భాష అడిగిన చదువుకున్నవాళ్ల ఉద్యమం, వెట్టి ఆపమన్న జీతగాళ్ల కోపంతో కలిసినప్పుడే ఊళ్లకు ఊళ్లు లేచాయి. పేపరు స్వేచ్ఛ ఒక్కదానికోసం ఎవరూ గుత్ప (దుడ్డుకర్ర) పట్టలేదు.

వ్యక్తి స్వేచ్ఛ దగ్గర మాత్రం ఆగాలి. ఇక్కడ రెండో ముడి ఉంది, అది అప్పు కాదు, ఇల్లు. సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం పేరులోనే ఆ కాలపు రాజకీయ ఆశ ఉంది. తుపాకీ పట్టి దళంలో తిరిగిన ఆడవాళ్లలో చాలామందిని విరమణ తర్వాత ఇళ్లకు పొమ్మన్నారు. వెట్టిని కాదన్న చేతుల్నే మళ్లీ పొయ్యి దగ్గర పెట్టారు. ఇది ఆ ఆడవాళ్లు స్వయంగా చెప్పిన బాధ, దీన్ని పోరాటానికి మచ్చ అని దాచే ప్రాజెక్టు అసంపూర్తి ప్రాజెక్టే. గడీలో దొరసాని వెంట పుట్టింటి నుంచి పంపిన ఆడబాపలనూ, పాలమూరులో దేవుడి పేర వదిలిన జోగినులనూ ఇదే అధ్యాయంలో పెట్టండి. జోగినికి వైధవ్యం లేదని గొప్పగా చెప్పేవారు, కాదనే హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేయాల్సి వచ్చింది.

పెళ్లి విషయంలో ‘పడమర ముందు, మనం వెనక’ అన్న లెక్క అసలు నిలబడదు. అమెరికాలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు పెళ్లి చేసుకోకుండా కొన్ని రాష్ట్రాలు చట్టంతో ఆపాయి, 1967లో గానీ సుప్రీంకోర్టు కొట్టేయలేదు. కులం, మతం దాటిన పెళ్లికి వీలిచ్చే మన ప్రత్యేక వివాహ చట్టం 1954ది. ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు ఓటు 1944లో వచ్చింది, మన రాజ్యాంగం మొదటి రోజు నుంచే ఇచ్చింది. కాగితం మీద మనం వెనకలేం. కట్టు కాగితం బయట ఉంది. ప్రత్యేక వివాహానికి ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండాలి, నోటీసు ఇచ్చాక ఇంకో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి, 3 నెలలు దాటితే మళ్లీ నోటీసు. ఆ నోటీసు కార్యాలయంలో అందరికీ కనబడేలా పెడతారు. కులం దాటిన జంటకు ప్రమాదం అక్కడే మొదలవుతుంది, కబురు ఊరికి చేరుతుంది. పెద్దలకూ పంచాయతీలకూ అడ్డుకునే హక్కు లేదని, జంటకు రక్షణ ఇవ్వాలని, అవసరమైతే సురక్షిత గృహంలో పెట్టాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నోటీసు ఇచ్చే రోజే ఎస్పీకి రాతపూర్వక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి, బెదిరింపు వచ్చాక కాదు.

ఇప్పుడు ప్రాజెక్టు పని. పాత కాగితాలకు హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ (పాత సర్కారీ పత్రాల సంస్థ) ఉంది. ఉర్దూ చదివే మనిషి తోడు ఉండాలి. తేదీలు ఫసలీలో (నిజాం సర్కారు వాడిన క్యాలెండర్‌లో) ఉంటాయి. హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబర్‌లో ఆజూర్ నెలతో మొదలవుతుంది, అందుకని అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1353 ఫసలీ అంటే 1943 అక్టోబర్‌లో మొదలైన ఏడాది. చాలామంది 590 ఒక్కటే కలిపేసి, జనవరి తర్వాతి సంఘటనల్ని ఏడాది వెనక్కి నెడతారు. అప్పుల మొత్తాలు హాలీ సిక్కాలో (నిజాం నాణెంలో) ఉంటాయి, 7 హాలీ రూపాయలకు 6 బ్రిటిష్ రూపాయలు. ఇది మరిచిపోయి రెండు ప్రాంతాల కూలి పోలిస్తే లెక్క తప్పుతుంది.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు “అప్పుడు మీకు స్వేచ్ఛ ఉండేదా” అని అడగకండి. “లేదు బిడ్డా” అనో “ఉండె” అనో ఒక్కముక్కలో తేలిపోతుంది, మీకు ఏమీ దక్కదు. ఇట్లా అడగండి: జీతం ఎప్పుడు కుదిరేది, ఏ పండుగకు? నడుమ మానాలంటే ఏం చెయ్యాల్సి వచ్చేది? అప్పు లెక్క ఎవరి దగ్గర ఉండేది, మీకు చదివి వినిపించేవారా? దొర ఎదురొస్తే చెప్పులు ఏం చేసేవారు? బిడ్డ పెండ్లికి ఎవరిని అడగాలె? ఇంట్ల ఆడోళ్లను పనికి పిలిస్తే పోనని అన్నోళ్లు ఉన్నరా, అంటే ఏమైంది? ఈ చివరి ప్రశ్న ఆడవాళ్లను విడిగా, ఇంటి మగవాళ్లు లేనప్పుడు అడగాలి. వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటే రాసుకోండి. “ఇడిపించుకున్నం” అంటే దాన్ని ‘విముక్తి పొందారు’ అని దిద్దకండి, “ఇడిపించుకున్నం” అనే ఉండనివ్వండి.